ప్రభుత్వం మారితే ఏం మారుతుంది: చాలా ఏళ్ల అనుభవం తర్వాత సమీక్ష

ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. గెలిచినవాళ్లు ఇక అంతా మారిపోతుందంటారు. టీవీ కట్టేసి లేచేవాళ్లలో చాలామంది "ఎవరొచ్చినా ఒకటే" అంటారు. నేను ప్రభుత్వ ఆఫీసులో, సంక్షేమ ఫైళ్లు నడిచే సెక్షన్‌లో పనిచేస్తాను. అధికారం ఒక పార్టీ చేతిలోంచి ఇంకో పార్టీ చేతిలోకి వెళ్లడం ఓటరుగానూ, ఆ ఫైళ్లు రాసే మనిషిగానూ చాలాసార్లు చూశాను. మార్పు ఉంటుంది. కాకపోతే ప్రచారంలో చెప్పిన చోట తక్కువగానూ, ఎవరూ చెప్పని చోట ఎక్కువగానూ ఉంటుంది.

ముందు మారనిదాని గురించి. ఎవరు గద్దెనెక్కినా, వచ్చే ఆదాయంలో పెద్ద వాటా అప్పటికే ఖర్చు రాసిపెట్టి ఉంటుంది. జీతాలు, పెన్షన్లు, పాత అప్పుల మీద వడ్డీలు ఎవరూ ఆపలేరు. మిగిలినదాంట్లోనే కొత్త హామీలన్నీ సర్దుకోవాలి. అందుకే మొదటి ఏడాది బడ్జెట్ చూసి చాలామంది నిరాశపడతారు. బ్రిటన్‌లో 1997లో లేబర్ పార్టీ 18 ఏళ్ల తర్వాత అధికారంలోకి వచ్చింది, అదీ భారీ మెజారిటీతో. అయినా ఓడిపోయిన కన్జర్వేటివ్‌లు వేసిన ఖర్చుల పరిమితులకే మొదటి రెండేళ్లూ కట్టుబడింది. ఎన్నికల ముందే ఆ మాట ఇచ్చింది కూడా. ఇంతవరకే చూస్తే ఒకటే అనిపిస్తుంది. కానీ అదే ప్రభుత్వం గెలిచిన వారం లోపే వడ్డీ రేట్లు నిర్ణయించే అధికారాన్ని మంత్రుల చేతిలోంచి తీసి ఆ దేశ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు అప్పగించింది. ఆ నిర్ణయానికి పైసా ఖర్చు లేదు. దాని ప్రభావం మాత్రం ఇప్పటికీ ఉంది.

కొత్తవాళ్లు వచ్చి పాతవన్నీ రద్దు చేస్తారన్న భయం కూడా సగమే నిజం. జనం ఒకసారి అలవాటుపడ్డదాన్ని తీసేయడం ఏ పార్టీకైనా కష్టం. ఆ లేబర్ ప్రభుత్వమే 1999లో దేశమంతటికీ కనీస వేతనం తెచ్చింది. ఉద్యోగాలు పోతాయని కన్జర్వేటివ్‌లు గట్టిగా వ్యతిరేకించారు. 2010లో తిరిగి అధికారంలోకి వచ్చాక దాని జోలికి పోలేదు సరికదా, 2016లో మరింత పెంచి కొత్త పేరు పెట్టుకున్నారు. మన దగ్గర జీఎస్టీ కథ కూడా అంతే. 2006 బడ్జెట్‌లో యూపీఏ ప్రభుత్వం ప్రతిపాదిస్తే ఏళ్ల తరబడి అభ్యంతరాలు నడిచాయి. చివరికి 2017 జూలై 1న అమలు చేసింది ఎన్డీయే ప్రభుత్వం. 2009లో మొదలైన ఆధార్‌దీ అదే దారి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అనుమానించినవాళ్లే 2016లో దానికి చట్టం చేశారు. పార్టీలకు సిద్ధాంతం లేదని ఇక్కడ తిట్టాలని నాకు అనిపించదు. పాలనలో కూర్చున్నాక అవసరాలు కనిపిస్తాయి, ఒప్పుకోవాలి.

మరి అసలు తేడా ఎక్కడ? ఉత్తర్వులో చివరి పేరాల్లో ఉంటుంది. అర్హత, మినహాయింపు, గడువు, చెల్లింపు ఎప్పటినుంచి అన్న చోట.

ఒకసారి ప్రభుత్వం మారిన కొద్ది వారాలకే మా సెక్షన్‌కు ఒక ఆర్డర్ వచ్చింది. సామాజిక పెన్షన్లు తీసుకునేవాళ్లందరినీ మళ్లీ పరిశీలించి అనర్హులను తీసేయమని. ఉద్దేశం తప్పు కాదు, జాబితాల్లో అనర్హులు ఉండటం నిజమే. పాత ప్రభుత్వం కూడా ఒకసారి ఇదే పని చేయించింది. కాకపోతే అప్పుడు ఒకపక్క డబ్బు వెళ్తుండగానే పరిశీలన నడిచింది. ఈసారి ఆర్డర్‌లో "పరిశీలన పూర్తయ్యేవరకు చెల్లింపు నిలిపివేయవలెను" అని ఒక వాక్యం అదనంగా ఉంది. పథకం అదే, మొత్తం అదే, గోడ మీద రాతలు కూడా అవే. కింద ఆ ఒక్క వాక్యం కొత్తది.

ఆ వాక్యం ఎవరి మీద పడిందో చెబుతాను. ఒక పెద్దావిడ, భర్త పోయి చాలాకాలమైంది. భర్త మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందుంది, ఆమె గుర్తింపు కార్డులో రాసిన భర్త పేరులో ఇంటిపేరు చివర ఉంది. కంప్యూటర్‌కు ఇవి ఇద్దరు వేరువేరు మనుషుల పేర్లు. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆమె మళ్లీ మళ్లీ వచ్చేది. సంతకం చేయాల్సిన అధికారి బదిలీ అయ్యాడు. ఆయన స్థానంలో వచ్చినాయన ఫైలు మొదటినుంచి చదువుతానన్నాడు. "బాబూ, నేను ఓటేసింది వీళ్లకే" అందామె ఒకరోజు. కోపంగా కాదు, ఆ మాట చెబితే పని త్వరగా అవుతుందేమోనన్న ఆశతో. చివరికి పెన్షన్ మళ్లీ వచ్చింది. ఆగిపోయిన నెలల డబ్బు మాత్రం రాలేదు. దానికి ఆర్డర్‌లో అవకాశం లేదు.

ఇలాంటి ఒక్క వాక్యం దేశాల సరిహద్దులు కూడా దాటుతుంది. విదేశాల్లో కుటుంబ నియంత్రణ సేవలందించే సంస్థలు గర్భస్రావం గురించి సలహా ఇచ్చినా అమెరికా సాయం ఆగిపోయే నియమాన్ని 1984లో రీగన్ ప్రభుత్వం తెచ్చింది. 1993లో క్లింటన్ తీసేశారు. 2001లో బుష్ మళ్లీ పెట్టారు, 2009లో ఒబామా తీసేశారు. 2017లో ట్రంప్ పెట్టారు, 2021లో బైడెన్ తీసేశారు, 2025లో ట్రంప్ మళ్లీ పెట్టారు. అమెరికాలో ఉన్న ఓటరుకు ఇది తెలియను కూడా తెలియదు. ఎక్కడో వేరే దేశంలో ఆ డబ్బు మీద నడిచే క్లినిక్‌కు మాత్రం తెరిచి ఉండాలా, మూసేయాలా అన్నది ఆ సంతకమే తేలుస్తుంది.

పోస్టింగుల సంగతి అందరికీ తెలిసిందే, కాబట్టి ఎక్కువ చెప్పను. ఒకప్పుడు అమెరికాలో పార్టీ మారితే గుమాస్తా ఉద్యోగాలు కూడా మారేవి. తాను ఆశించిన పదవి దక్కలేదన్న కసితో ఒకడు 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. ఆ తర్వాత, 1883లో పరీక్షల ద్వారా నియామకాలు చేసే పెండిల్‌టన్ చట్టం వచ్చింది. ఇప్పటికీ అక్కడ అధ్యక్షుడు మారితే సుమారు 4,000 పదవుల్లో కొత్తవాళ్లు వస్తారు. కింద ఉద్యోగి కదలకపోవడం వల్లే ఆఫీసు తలుపు మర్నాడు కూడా తెరుచుకుంటుంది. పై కుర్చీ ఖాళీగా ఉన్నన్ని రోజులూ ఫైలు కదలదు కూడా. ఆ పెద్దావిడ విషయంలో జరిగిందదే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది సగంలో ఆగిన పనులు. మొదలుకాని పనులు ఆపమని ఆర్డర్ వస్తుంది, నడుస్తున్న పనుల మీద కూడా అనుమానం పడుతుంది. కాంట్రాక్టర్ పాతవాళ్ల మనిషన్న మాట పుడుతుంది. జరిగిన పని కొలతలు ఎక్కించే ఎం-బుక్‌లో అన్నీ రాసి ఉన్నా బిల్లు పాస్ కాదు. అతను మనుషుల్ని తీసేస్తాడు. నేను చూసిన ఒక బడిలో అదనపు గదులు పిల్లర్ల వరకు లేచి ఆగిపోయాయి. పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు వానలకు తుప్పుపట్టాయి. తర్వాత మళ్లీ ఎస్టిమేట్ వేస్తే ఖర్చు పెరిగింది. ఈలోగా రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుని చదివిన పిల్లలు ఆ బడి దాటి వెళ్లిపోయారు. అవినీతి ఉంటే విచారణ చేయాల్సిందే. గోడ కడుతూ కూడా విచారణ చేయొచ్చు.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. "ఎవరొచ్చినా ఒకటే" అని ధీమాగా అనగలిగేవాళ్లలో ఎక్కువమంది మాలాంటివాళ్లే. జీతం మొదటి తారీఖున పడుతుంది, పిల్లలు ఫీజు కట్టి చదువుతారు, జబ్బు చేస్తే ఇన్సూరెన్స్ ఉంటుంది. మా బతుకుకూ ఆర్డర్‌లోని చివరి పేరాకూ సంబంధం తక్కువ. అర్హత గీత మీద నిలబడ్డవాళ్ల నోట ఆ మాట నేను చాలా అరుదుగా విన్నాను. వాళ్లు అడిగేది వేరు: "మాది ఉంటుందా, తీసేస్తారా?" ఇది చాలా కచ్చితమైన ప్రశ్న. ఏ పార్టీ ప్రతినిధిని అడిగినా సూటిగా సమాధానం రాదు.

అందుకే ఓటు అడగడానికి వచ్చినవాళ్లతో కొత్త పథకాల గురించి మాట్లాడటం నేను తగ్గించాను. ఇప్పుడు అడిగేవి రెండే. లబ్ధిదారుల జాబితా మళ్లీ పరిశీలిస్తే, అది తేలేవరకు డబ్బు ఇస్తూనే ఉంటారా? సగంలో ఉన్న బడి, ఆసుపత్రి, నీటి పనులను ఎవరు మొదలుపెట్టారని చూడకుండా పూర్తిచేస్తారా? గత ఎన్నికలప్పుడు వచ్చినవాళ్లలో ఒక కుర్రాడు మాత్రం రెండో ప్రశ్నను ఫోన్‌లో రాసుకుని, పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. మిగతావాళ్లు కరపత్రం చేతిలో పెట్టి పక్కింటికి వెళ్లిపోయారు.