సగం తయారైన నాటకం, ఎదురుగా ఇంటర్ పిల్లలు: లెర్మన్ పద్ధతి ఐదేళ్లు వాడాక

నాటకం అయ్యాక పెద్దలు వేదికెక్కి "కన్నీళ్లు ఆగలేదు" అనడం, శాలువా కప్పడం మనకు అలవాటే. పరిషత్తు పోటీలైతే మార్కులు. పూర్తయిన నాటకానికి ఆ రెండూ సరే, ఇంకా రెండో ప్రతిలో ఉన్న స్క్రిప్టుకు మాత్రం ఎందుకూ కొరగావు. అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన ‘క్రిటికల్ రెస్పాన్స్ ప్రాసెస్’ అనే స్పందనలు తీసుకునే పద్ధతి సరిగ్గా ఆ దశ కోసమే. ఆడవాళ్లమే రాసి ఆడుకునే మా చిన్న బృందం, కొత్త నాటకాలను ఇంటర్, డిగ్రీ పిల్లలకు చూపించేటప్పుడు ఐదేళ్లుగా దీన్నే వాడుతోంది.

ఇందులో పాత్రలు మూడు: చూపించేవాళ్లు, స్పందించేవాళ్లు, మధ్యలో నడిపే మనిషి. మెట్లు నాలుగు. మొదట చూసినవాళ్లు తమకేం తగిలిందో చెబుతారు. తర్వాత కళాకారిణి అడుగుతుంది, వాళ్లు జవాబిస్తారు. మూడోది వాళ్లు అడిగే ప్రశ్నలు, కానీ అందులో అభిప్రాయం దాగి ఉండకూడదు. చివరిది అభిప్రాయాలు, అదీ అనుమతి అడిగాకే.

20 నిమిషాలకు మించిన ముక్క చూపించకండి. 30 మంది పిల్లలు చాలు, మాటలకు 50 నిమిషాలు కావాలి. అంటే కాలేజీలో రెండు పీరియడ్లు కలిపి అడగాల్సిందే. ఒక్క పీరియడ్‌తో సర్దుకుంటే నాలుగో మెట్టు మధ్యలో గంట కొడతారు. కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి, కళాకారిణి కూడా వాళ్ల ఎత్తులోనే కూర్చోవాలి. పిల్లలు "మేడమ్" అన్నంతసేపూ అది క్లాసే. "అక్కా" అన్నప్పుడే అసలు మాట బయటికొస్తుంది.

మొదటి మెట్టులో "బాగుంది" అనే మాటను ముందే నిషేధించాలి. "ఏం అర్థమైంది?" అంటే పరీక్ష అనుకుని తల దించుకుంటారు. "ఏ మాట, ఏ కదలిక ఇంకా కళ్ల ముందుంది?" అనండి. కలిపి కూర్చోబెట్టినచోట అమ్మాయిలు ముందు నోరు విప్పరు. రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత గది మొత్తాన్నీ అడిగితే తేడా వెంటనే తెలుస్తుంది.

రెండో మెట్టు కళాకారిణి తయారీ మీద ఆధారపడుతుంది. మూడు ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని రావాలి. "సీన్ ఎలా ఉంది?" అంటే వచ్చేది ఊకదంపుడే. ఒక సీన్లో కూతురి ఫోన్‌ను తల్లి బియ్యం డబ్బాలో దాస్తుంది. "ఫోన్ దొరికినప్పుడు మీరు ఎవరి వైపు ఉన్నారు?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు: "ఎవరి వైపూ కాదక్కా. ఇప్పుడు ఫోన్ ఎవరు దాస్తారు? వైఫై పాస్‌వర్డ్ మార్చేస్తారు." డబ్బా పోయింది, సీన్ బతికింది.

మూడో మెట్టు దగ్గరే తెలుగులో చిక్కు. మన నోట "ఎందుకు" అన్న మాట నిలదీసినట్టే వినిపిస్తుంది. "అమ్మ అంతసేపు ఎందుకు మాట్లాడదు?" అన్నదాంట్లో విసుగు ఉండనే ఉంది. "అమ్మ మౌనంగా ఉన్నప్పుడు ఏం ఆలోచిస్తోందని మీరు అనుకున్నారు?" అంటే కళాకారిణి ముడుచుకోదు, ఆలోచిస్తుంది. ‘ఎందుకు’ పక్కనపెట్టి ‘ఏం’, ‘ఎలా’, ‘ఎప్పుడు’లతో అడగమంటాం. చూపించే ముందే పది నిమిషాలు ఈ మార్పిడి ఆటలా ఆడిస్తే సగం పని అయిపోయినట్టే. ఈ సాధన మానేసిన ప్రతిసారీ మూడో మెట్టు తిట్ల దండకమైంది, కాకపోతే మర్యాదగా.

నాలుగోది మాకు బాగా నచ్చిన మెట్టు. "ముగింపు మీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా?" అని విద్యార్థి అడగాలి. "ఇప్పుడు వద్దమ్మా" అనే హక్కు కళాకారిణికి ఉంది. పెద్దవాళ్లు అలా అనడం, అందులో కోపం లేకపోవడం పిల్లలకు వింతగా ఉంటుంది. అన్నిటికీ వద్దంటే మాత్రం మళ్లీ ఎవరూ చెయ్యెత్తరు.

సాధారణంగా ఎక్కడ చెడుతుందంటే, దర్శకురాలే నడిపినప్పుడు. ప్రతి జవాబుకూ సంజాయిషీ మొదలవుతుంది. నడిపే మనిషి నాటకంతో సంబంధం లేనివాళ్లయి ఉండాలి. రాసుకునే మనిషి వేరే ఉండాలి, పిల్లల మాటను మన భాషలోకి మార్చకుండా ఉన్నదున్నట్టు రాయాలి. స్క్రిప్టు మీద ఆ రాత్రే చెయ్యి వెయ్యొద్దు, రెండు రోజులు ఆగితే ఏ మాట నిలుస్తుందో తెలుస్తుంది.

లెర్మన్ మెట్లలో లేనివి కొన్ని మేం చేర్చుకున్నాం. నటి ఒంటి గురించి, "ఇది మీకే జరిగిందా?" లాంటి వాటి గురించి ప్రశ్నలుండవని ముందే చెప్పేస్తాం. ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టిస్తాం, సందర్భం తెగిన పది సెకన్ల క్లిప్పు ఎక్కడెక్కడ తిరుగుతుందో చెప్పలేం. దుస్తులు మార్చుకునే గదికి గడియ ఉందో లేదో ముందురోజే చూస్తాం. ఇల్లు, వేధింపు లాంటి వస్తువైతే, తర్వాత ఒక అమ్మాయి దగ్గరికొచ్చి చెప్పుకోవచ్చు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బోర్డు మీద రాసే ఉంచుతాం.

హాస్య నాటకానికి ఈ పద్ధతి పెద్దగా అక్కర్లేదు, నవ్వు ఎక్కడ పడిందో చెవికే తెలుస్తుంది. సెట్టు కట్టేసి, తేదీ ప్రకటించేశాక అయితే అసలు అడగొద్దు. మార్చే ఉద్దేశం లేదని పిల్లలు ఐదు నిమిషాల్లో పసిగడతారు. మార్చినప్పుడు మాత్రం అదే గదికి మళ్లీ వెళ్లి, ఏం మార్చామో చూపించాలి.