కేయూసీ దగ్గర పాత ఇల్లు: అమ్మాలా, బిల్డర్‌కు ఇవ్వాలా, అద్దెకు ఇవ్వాలా?

హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం (కేయూసీ) క్రాస్‌రోడ్డు నుంచి భీమారం మీదుగా హసన్‌పర్తి వెళ్లే దారికి అటూ ఇటూ ఉన్న కాలనీల్లో ఇప్పుడు ఏ ఇంట చూసినా ఇదే చర్చ. 1976లో విశ్వవిద్యాలయం వచ్చాక ఆ చుట్టుపక్కల స్థలాలు కొన్నవారిలో ఉద్యోగులు, టీచర్లే ఎక్కువ. రెండు వందల గజాల్లో ఒక అంతస్తు ఇల్లు, వెనుక జామచెట్టు, పక్కన బోరు. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డారు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పింఛను మిగిలాయి.

వీధిలోకి మాత్రం కొత్తవారు వస్తూనే ఉన్నారు. పిల్లల చదువు కోసం పరకాల, ములుగు వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబాలు, ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు, నర్సులు, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు. ఒకప్పుడు 'కుటుంబాలకు మాత్రమే' అని రాసిన గేటుకే ఇప్పుడు 'బాలికల హాస్టల్, ఏసీ గదులు కలవు' అనే ఫ్లెక్సీ వేలాడుతోంది.

గజం ధర పెరిగింది గానీ ఆ ఇంట్లో ఉన్నవారి రాబడి పెరగలేదు. కాగితం మీద లక్షాధికారులే, మందుల దుకాణంలో మాత్రం చవక రకం అడుగుతారు. అందుకే ఈ మూడు దారుల్లో ఏది మేలో తేల్చడానికి గజం ధర ఒక్కటే చాలదు. నెలనెలా చేతికి ఎంత వస్తుంది, అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎవరి తలుపు తట్టగలం అన్నవి కూడా లెక్కలోకి రావాలి.

అమ్మకం సంగతి త్వరగా తేలుతుంది. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తి అయితే లాభంపై పన్నును రెండు విధాలుగా లెక్కించి తక్కువైనది కట్టవచ్చు: ద్రవ్యోల్బణ సర్దుబాటు (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపడం) లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం. ఇల్లు విదేశంలో ఉన్న కొడుకు పేరిట మారిపోయి ఉంటే ఈ వెసులుబాటు లేదు. ఇంతకీ అమ్మి ఎక్కడికి వెళ్తారు? మడికొండ వైపు ఐటీ కంపెనీలు వచ్చాయి, కాజీపేటకు రైల్వే కర్మాగారం మంజూరైంది, అక్కడా ధరలు తక్కువేమీ కావు. పిల్లల ఫ్లాటులో ఒక గదికి పరిమితం కావడానికి మనసొప్పితేనే అమ్మకం.

అందరినీ ఊరించేది రెండో దారి. బిల్డర్ వస్తాడు, సగం సగం అంటాడు, పైసా పెట్టకుండా కొత్త ఫ్లాట్లు అంటాడు. ఆ మాటల్లో అబద్ధం లేదు, కానీ చెప్పకుండా వదిలేసేది చాలా ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు, దాటకపోతే రెరా (స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన రెండు వందల గజాల ఇళ్లన్నీ ఆ లెక్కకు లోపలే! పని మధ్యలో ఆగితే రెరా గడప తొక్కే అవకాశం తక్కువ, సివిల్ కోర్టు మెట్లే గతి. డెబ్బై ఏళ్ల వయసులో అద్దె ఇంట్లో ఉంటూ సొంత ఇంటి శ్లాబు కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో కరపత్రంలో ఎవరూ వేయరు. పన్ను విషయంలో ఒక్క ఊరట ఉంది: కంప్లీషన్ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయినట్టు అధికారులు ఇచ్చే పత్రం) వచ్చేదాకా మీ వాటా అమ్మకపోతే, పన్ను ఆ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలోనే పడుతుంది.

మూడోది అద్దె. ఇల్లంతా హాస్టల్‌కు ఇస్తే డబ్బు ఎక్కువే, కాకపోతే ఇల్లు వదలాలి. పైన ఒక పోర్షన్ వేసి కుటుంబానికి ఇస్తే రాబడి అంతకంటే తక్కువ, సందడి ఎక్కువ. రైతు కుటుంబమైతే తల్లి పిల్లలతో ఇక్కడ ఉంటుంది, తండ్రి ఊళ్లో సేద్యం చూసుకుంటాడు. రెండు నెలలు అద్దె ఆగుతుంది, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్ముడైన వారం బాకీ మొత్తం ఒకేసారి తెచ్చి, సంచిలో వంకాయలూ పెట్టి ఇస్తారు. బ్యాంకు వడ్డీలా ఠంచనుగా రాదన్న మాట నిజమే. కానీ అమ్మమ్మ బీపీ మాత్ర వేసుకుందో లేదో ఆ ఇంటి పిల్లే చూస్తుంది. ఆదాయ పన్ను లెక్కలో, అద్దె ఆదాయం నుంచి ఇంటి పన్ను పోగా మిగిలిన దానిపై 30 శాతం తగ్గింపు కూడా ఉంది.

కాబట్టి దంపతులిద్దరూ ఉండి, ఇల్లు గట్టిగా ఉంటే, నా ఓటు పోర్షన్‌కే. ఇల్లు నాలాకు పల్లాన ఉంటే మాత్రం నా మాట మారుతుంది. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి కాలనీల్లోకి నీరు చేరింది. అలాంటి చోట మోకాళ్ల నొప్పులున్నవారికి స్టిల్టు (కింద స్తంభాలతో ఖాళీగా వదిలిన పార్కింగు) మీది ఫ్లాటు, లిఫ్టు ఉంటే, నిజంగానే మేలు.

బిల్డర్‌కే ఇవ్వాలనుకుంటే ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించండి. మీ ఫ్లాట్లు ఏ అంతస్తులో, నిర్మాణం సాగినన్నాళ్లు అద్దె ఎవరు కట్టాలి, ఆలస్యమైతే నెలకు ఎంత ఇవ్వాలి అన్నవన్నీ అందులో ఉండాలి. పవర్ ఆఫ్ అటార్నీ బిల్డర్ వాటాకే ఇవ్వండి, మొత్తం స్థలానికి ఇవ్వవద్దు.