వేరియబుల్ ఎన్‌డీనా, ఫిక్స్‌డ్ ఎన్‌డీనా: ఏది మేలు?

ఎన్‌డీ అంటే రంగు మార్చకుండా వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు బిగించే ముదురు ఫిల్టర్. మిట్టమధ్యాహ్నం ఎండలో సెకనుకు 25 ఫ్రేములతో వీడియో తీస్తున్నారనుకోండి. కదలిక సహజంగా కనిపించాలంటే షట్టర్ 1/50 సెకను దగ్గర ఉండాలి. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ తెరుపు ఎఫ్/2.8 పెడితే ఆ ఎండకు కెమెరా అడిగేది దాదాపు 1/3200. అంటే ఆరు స్టాపుల వెలుతురును ఫిల్టర్ ఆపాలి (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). లాగ్‌లో (తర్వాత రంగులు సర్దుకోవడానికి వీలుగా చప్పగా రికార్డు చేసే పద్ధతిలో) తీస్తూ ఐఎస్ఓ 800 కంటే కిందికి దిగే వీల్లేకపోతే తొమ్మిది స్టాపులు. కొనేముందు వేసుకోవాల్సిన లెక్క ఇదే. చాలామంది అది వేయకుండా, పెట్టె మీద ‘ఎన్‌డీ2–400’ అని చూసి డబ్బులిచ్చేస్తారు.

ఫిక్స్‌డ్ ఎన్‌డీ అంటే ఒకే ముదురు గాజు. పక్కనున్న అంకె వెలుతురు ఎన్నో వంతుకు తగ్గుతుందో చెబుతుంది: ఎన్‌డీ8 మూడు స్టాపులు, ఎన్‌డీ64 ఆరు, ఎన్‌డీ1000 పది తగ్గిస్తాయి. వేరియబుల్‌ది వేరే జాతి. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు పోలరైజర్లు (ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే వదిలే గాజులు) అది. ముందుదాన్ని తిప్పేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, 90 డిగ్రీల దగ్గర దాదాపు చీకటే. దాని మంచీ చెడూ రెండూ ఇక్కడే పుడతాయి.

మంచి సంగతి అందరికీ తెలిసిందే. ఆరుబయట పెళ్లిలో మబ్బు పట్టినా, జంట చెట్టునీడలోకి నడిచినా రింగ్ కాస్త తిప్పితే చాలు. ఫిక్స్‌డ్ విప్పి ఇంకోటి ఎక్కించేలోపు జీలకర్ర బెల్లం అయిపోతుంది.

చెడులో అందరూ చెప్పేది ఎక్స్ ఆకారపు నల్లమచ్చ. ఫ్రేము అంచుల వైపు వెలుతురు ఫిల్టర్‌ను ఏటవాలుగా తాకుతుంది. ఆ కోణంలో రెండు పోలరైజర్లు సరిగ్గా అడ్డుపడవు కాబట్టి కొన్నిచోట్ల వెలుతురు కారిపోతుంది, కొన్నిచోట్ల ఆగిపోతుంది. లెన్స్ ఎంత వైడ్ అయితే, రింగ్ ఎంత చివరికి తిప్పితే అంత ఎక్కువ. 2–5 స్టాపుల మధ్యే తిరిగి, రెండు చివర్లా టక్కున ఆగిపోయే రకం తీసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

నా లెక్కలో అంతకన్నా పెద్ద సమస్య పోలరైజేషన్. వెలుతురు తగ్గించడానికి రింగ్ తిప్పినప్పుడు మెరుపులు కూడా మారతాయి, అవి ఎటు మారాలన్నది మీ చేతిలో ఉండదు. చెమట పట్టిన ముఖం మీది నిగనిగ ఒక షాట్‌లో ఉంటుంది, తర్వాతిదాంట్లో పోతుంది. నగల మెరుపు మాత్రం అంతగా మారదు, లోహం తీరు వేరు. రెండు కెమెరాల మీద రెండు వేరియబుల్స్ వేర్వేరు కోణాల్లో ఉంటే ఒకే పెళ్లికూతురి ముఖం రెండు రకాలుగా వస్తుంది, గ్రేడింగ్‌లో, అంటే తర్వాత రంగులు సర్దేటప్పుడు, దాన్ని కలపడం తలనొప్పే. వైడ్ లెన్స్‌తో ఆకాశాన్ని పాన్ చేస్తే నీలం ఒకచోట ముదురుగా, మరోచోట వెలిసినట్టు కనిపిస్తుంది. ఎల్ఈడీ టీవీ, ఫోన్ తెరలు కొన్ని కోణాల్లో నల్లబడతాయి కూడా. వేరియబుల్ మీద మళ్లీ సీపీఎల్ (మెరుపులు తగ్గించే మామూలు పోలరైజర్ ఫిల్టర్) ఎక్కించడం మాత్రం వద్దు. మూడు పోలరైజర్లయ్యాక వెలుతురు ఇంకా పోతుంది, రంగులూ తేడా రావచ్చు.

ఇంకో సంగతి, వేరియబుల్ సున్నాకు దిగదు. ఎంత తిప్పినా స్టాపున్నర, రెండు స్టాపులు తింటూనే ఉంటుంది. ఎండలోంచి ఫంక్షన్ హాల్లోకి వెళ్లారంటే విప్పాల్సిందే.

ఫొటోల్లో లాంగ్ ఎక్స్‌పోజర్‌కు ఫిక్స్‌డే. జలపాతం దగ్గర చెట్టునీడలో ఎఫ్/11, ఐఎస్ఓ 100కి 1/15 వస్తే ఎన్‌డీ8తో అర సెకను అవుతుంది, నీళ్లు దారాల్లా కనిపిస్తాయి. ఎన్‌డీ64 పెడితే నాలుగు సెకన్లు, పాలనురుగే. భీమిలిలో పొద్దు పొడిచాక అలల్ని పొగమంచులా తీయాలంటే 1/125కి ఎన్‌డీ1000 పెట్టి ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచాలి. ముందు ఫ్రేము, ఫోకస్ చూసుకుని మాన్యువల్‌కు మార్చాక ఫిల్టర్ బిగించండి, తర్వాత ఆటోఫోకస్ తడుముకుంటుంది. డీఎస్‌ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్ మూయండి, వెనకనుంచి వెలుతురు చొరబడుతుంది. చవక ఎన్‌డీ1000 ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపదు కాబట్టి నలుపులు ఎర్రగా, ఊదాగా తేలతాయి. వైట్ బ్యాలెన్స్ సర్దినా పూర్తిగా పోవు. తడి రాళ్ల మెరుపు తగ్గాలంటే మొదట లెన్స్‌కు ఎన్‌డీ బిగించి, దాని మీద సీపీఎల్ పెట్టండి. అప్పుడు మెరుపు ఎంత ఉండాలో మీరే తిప్పుకోవచ్చు.

కాబట్టి వీడియోకు 2–5 వేరియబుల్ ఒకటి, దాని కింద బిగించడానికి ఎన్‌డీ8 ఒకటి. రెండూ కలిస్తే 5–8 స్టాపులు, ఎఫ్/4 దగ్గర లాగ్‌కు సరిపోతాయి. వైడ్‌లో మాత్రం రెండు ఫ్రేముల మందానికి మూలలు నల్లబడతాయి, చూసుకోండి. ల్యాండ్‌స్కేప్‌లకు ఎన్‌డీ64, ఎన్‌డీ1000 చాలు. వేరియబుల్ జోలికి వెళ్లకండి. ఏది కొన్నా మీ దగ్గరున్న పెద్ద లెన్స్ సైజుకే, 77 గానీ 82 ఎంఎం గానీ తీసుకోండి. చిన్నవాటికి స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసేవి) పెట్టుకోవచ్చు.

వేరియబుల్‌ను దుకాణంలోనే పరీక్షించండి. 24 ఎంఎం వైడ్ లెన్స్‌తో తెల్లగోడను చూస్తూ రింగ్ చివరిదాకా తిప్పితే మచ్చ ఉందో లేదో తెలిసిపోతుంది. తర్వాత 200 ఎంఎం టెలీ లెన్స్‌తో చిన్న అక్షరాలను ఫిల్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి తీసి 100 శాతంలో పోల్చండి. గాజు సమతలంగా లేకపోతే టెలీలోనే బయటపడుతుంది.