చెన్నైలో గేములు కొనేవారికి హెచ్చరిక: డిస్క్ ఉందని నిర్ధారించుకున్నాకే డబ్బు చెల్లించండి

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ పరిసరాల్లో ప్లేస్టేషన్ 5 (టీవీకి తగిలించి ఆడే గేము యంత్రం, అంటే కన్సోల్) గేములు కొనే మన తెలుగువారు, ముఖ్యంగా ఆడడం పూర్తయ్యాక తిరిగి అమ్ముకోవచ్చునన్న లెక్కతో కొనేవారు, ఇది తప్పక చదవాలని కోరుతున్నాను.

ఇటీవల అక్కడి ఒక దుకాణంలో మా తమ్ముడి కోసం సీలు విప్పని గేము ఒకటి కొన్నాను. డిస్క్ గేమేనా అని అడిగితే అవునన్నారు. ఇంటికి తెచ్చి తెరిస్తే పెట్టెలో డిస్క్ లేదు, గేమును ఇంటర్నెట్ నుంచి దింపుకోవడానికి ఖాతాలో నమోదు చేసే డౌన్‌లోడ్ కోడ్ ముద్రించిన చీటీ మాత్రమే ఉంది. లోపల డిస్క్ లేదని తెలిపే ఇంగ్లీషు గమనిక పెట్టె మీద చిన్న అక్షరాలతో ఉంది గాని, సరిగ్గా దానిమీదే దుకాణంవారు ధర స్టిక్కరు అతికించారు. పైగా అది విదేశం నుంచి దిగిన సరుకు. ప్లేస్టేషన్ కోడ్ ఖాతా నమోదైన ప్రాంతానికి సరిపోతేనే చెల్లుతుంది కాబట్టి, మా తమ్ముడి భారతీయ ఖాతాలో అది పనిచేయలేదు. తిరిగి తీసుకెళ్తే, సీలు విప్పిన తరువాత కోడ్ వాడారో లేదో తమకెలా తెలుస్తుందంటూ వాపసుకు నిరాకరించారు.

కొత్త గేముకు 5,000 రూపాయల దాకా పెట్టవలసిన మన దేశంలో డిస్క్‌కు ఉన్న విలువ చిన్నది కాదు. ఒకరు కొని ఆడాక సగం ధరకో, ఇంకొంత ఎక్కువకో మరొకరికి అమ్ముతారు, ఆ డబ్బుతోనే తరువాతి గేము కొంటారు. విద్యార్థులు ఎందరో ఈ హాబీని నిలుపుకుంటున్నది ఇలాగే. కోడ్‌కు ఆ అవకాశం లేదు. ఒకసారి ఖాతాలో నమోదైతే దాన్ని అమ్మలేము, అన్నదమ్ములకైనా విడిగా ఇవ్వలేము.

డిస్క్ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చునా అంటే, అదీ లేదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ 2 డిస్క్‌లో ఉన్నది సుమారు 70 మెగాబైట్లే, మిగిలినదంతా డౌన్‌లోడ్ చేసుకోవలసిందే. యూబీసాఫ్ట్ కంపెనీవారి ది క్రూ అనే గేము ఆడాలంటే ఎప్పుడూ వారి సర్వర్లకు ఇంటర్నెట్ ద్వారా కలిసి ఉండాలి, ఆ సర్వర్లు 2024 మార్చి 31న మూతపడ్డాక, డబ్బిచ్చి డిస్క్ కొన్నవారికి సైతం ఆ గేము ఆడే వీలు లేకుండా పోయింది. కొన్నవారి చేతిలో వస్తువు ఉండగానే దాని వాడుక ఆగిపోవడాన్ని నేను అన్యాయంగానే భావిస్తున్నాను. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 అనే కన్సోల్‌కు గేమ్-కీ కార్డులు అనే పద్ధతి ఉంది. కార్డులో గేము ఉండదు, దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, ఆడేటప్పుడల్లా కార్డు పెట్టాలి. అయితే ఆ కార్డును ఇంకొకరికి అమ్ముకోవచ్చు, కోడ్ చీటీకన్నా ఆ మేరకు నయం.

కాబట్టి పెట్టె మీద ఎక్కడ స్టిక్కరు ఉన్నా తీయించి, కింద ఏముందో చదవండి. వెనుకవైపు ఇంటర్నెట్ తప్పనిసరి అన్న గమనిక ఉందేమో, ఏ దేశపు ముద్రణో చూడండి. బిల్లులో గేము పేరు పక్కన “డిస్క్” అని రాయించుకోండి, అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు. సెకండ్‌హ్యాండ్ అయితే డిస్క్‌ను అక్కడే కన్సోల్‌లో పెట్టించి చూడండి. కన్సోల్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్క్ డ్రైవ్ లేదు, ప్లేస్టేషన్ 5 ప్రోకు దాన్ని విడిగా కొనుక్కోవాలి.

లేని గుణం ఉన్నట్టు చెప్పి సరుకు అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. ఇలాగే నష్టపోయినవారు స్టిక్కరు పీకి పారేయకుండా, అది అతికించి ఉన్న పెట్టెను ఫొటో తీసి, బిల్లుతో పాటు దాచి, ఫిర్యాదుకు జతచేయండి.