కప్స్ మీద నమ్మకం పోలేదు, బ్రౌజ్డ్‌ని మాత్రం ఆపేశాను

హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీకి దగ్గర్లో మాది జిరాక్స్ సెంటర్. కౌంటర్ మీద సిస్టమ్‌లన్నీ ఉబుంటువే (విండోస్ బదులు వాడే ఒక లినక్స్), ప్రింట్లన్నీ అందులో ప్రింటింగ్ పని చూసే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ మీదుగానే పోతాయి. ఏళ్ల తరబడి వాడుతున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా, సెమిస్టర్ పరీక్షల ముందు హాల్‌టికెట్లు, ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ ఒక్కసారే మీద పడ్డా ఇది చేతులెత్తేయదు.

మరి 2024 సెప్టెంబర్‌లో సిమోనె మార్గరిటెల్లి అనే సెక్యూరిటీ పరిశోధకుడు కప్స్‌లో ఉన్నాయని బయటపెట్టిన భద్రతా లోపాల సంగతేంటి? అసలు తంటా కప్స్‌ది కాదు, దాని పక్కన నడిచే కప్స్-బ్రౌజ్డ్‌ది. నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికిపెట్టడం దాని పని. యూడీపీ 631 పోర్టు (నెట్‌వర్క్ నుంచి దానికి సందేశాలు వచ్చే ద్వారం) మీద ఎవరు "నేను ప్రింటర్‌ని" అన్నా నమ్మి, వాళ్లిచ్చిన అడ్రసుకే వెళ్లి వివరాలు అడిగేది. ఆ వివరాల్లో ఒక కమాండ్ ఇరికిస్తే అది పీపీడీ ఫైల్లో (ప్రింటర్ వివరాలు రాసి ఉండే ఫైలు) చేరిపోయేది, మనం ఆ ప్రింటర్‌కి ఒక్క పేజీ పంపితే చాలు, పేజీని ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చే ఫూమాటిక్-రిప్ అనే ఫిల్టర్ ఆ కమాండ్‌ని నడిపేసేది. సిస్టమ్ మీద అన్ని హక్కులూ ఉండే రూట్‌గా కాదు, ప్రింటింగ్ పనికే ఉన్న ఎల్‌పీ అనే యూజర్‌గా నడుస్తుంది కదా అని కొంతమంది తేలిగ్గా తీసుకున్నారు. నేను తీసుకోలేను. జనం ఆధార్‌లు, మెమోలు, పాస్‌బుక్కులు మన షాపులో ఆ యూజర్ చేతుల మీదుగానే ప్రింటర్‌కి పోతాయి.

ఇంట్లో అయితే బయటి ఇంటర్నెట్‌కీ మనకీ మధ్య రౌటర్ ఉంటుంది. షాపులో ఫైలు పంపమని పిల్లలకు మనమే వైఫై పాస్‌వర్డ్ ఇస్తాం, అంటే తెలియని ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ రౌటర్‌కి లోపలివైపే ఉన్నట్టు. పైగా ఉబుంటులో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ అయి ఉండదు.

అందుకే అప్‌డేట్లు వేసి ఊరుకోలేదు. సిస్టమ్‌సీటీఎల్ అనే కమాండ్‌తో కప్స్-బ్రౌజ్డ్‌ని స్టాప్ చేసి, మళ్లీ లేవకుండా డిసేబుల్ కూడా చేశాను. స్టాప్ ఒక్కటే చేస్తే రీస్టార్ట్ అవగానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది, ఇది చాలామంది మర్చిపోతారు. ఫైర్‌వాల్ ఆన్ చేసి యూడీపీ 631 మూసేశాను, కస్టమర్లకు గెస్ట్ వైఫై వేరే పెట్టాను. యూఎస్‌బీ ప్రింటర్లకు ఏ తేడా రాలేదు. నెట్‌వర్క్ ప్రింటర్‌ని ఐపీ అడ్రస్ కొట్టి చేత్తో కలిపాను. ఇక్కడొక్కటే చిరాకు, కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఆ ప్రింటర్‌కి కొత్త అడ్రస్ ఇస్తే ప్రింట్లు ఆగిపోతాయి. రౌటర్ సెట్టింగుల్లో ఆ ప్రింటర్‌కి ఒకే అడ్రస్ రిజర్వ్ చేసి పెట్టండి, ఆ టెన్షనూ ఉండదు.