కేంద్రం ఇచ్చే రోజువారీ ధరల నివేదిక: కొనుగోలుదారు దృష్టితో ఒక సమీక్ష

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తన వెబ్‌సైటులో ఏ రోజుకారోజు నిత్యావసర సరుకుల ధరలను ఉచితంగా ప్రకటిస్తుంది. ఆర్థికవేత్తలు, విలేకరులు దానిని చూసినంతగా పప్పులు, నూనెలు, ఉల్లిపాయలు టోకున కొనే హోటళ్లవారు, మెస్సులవారు, పచ్చళ్ల తయారీదారులు చూస్తున్నట్టు కనిపించదు. సరుకు ఎప్పుడు కొనాలో, ఎంత కొనాలో తేల్చుకోవడానికి ఈ నివేదిక ఏమేరకు పనికివస్తుందన్నదే ఇక్కడ నేను పరిశీలించిన విషయం.

దేశంలోని 550కి పైగా ధరల నమోదు కేంద్రాల నుంచి చిల్లర ధరలను, టోకు ధరలను సేకరించి, వాటిని వారం, నెల, ఏడాది కిందటి ధరల పక్కన పెట్టి చూపడం ఇందులోని ప్రధాన సౌకర్యం. 2024 ఆగస్టు 1 వరకు 22 సరుకులే ఉండగా ఆ రోజు నుంచి 38 అయ్యాయి. జొన్నలు, రాగులు, ఎండుమిర్చి, పసుపు పొడి, జీలకర్ర, ధనియాలు, కోడిగుడ్లు అప్పుడు చేరినవే. మన వంటింట్లో లేకుండా గడవని చింతపండుకు మాత్రం ఆ జాబితాలో చోటు దక్కలేదు.

ఈ నివేదిక విలువ 2023 జులైలో టమాటా ధర మండిపోయినప్పుడు బాగా తెలిసింది. చిల్లర ధరల సూచీ ఆధారంగా లెక్కించే ద్రవ్యోల్బణం వివరాలు ఒక నెలవి మరుసటి నెలలో గానీ వెలువడవు. జులై నెలకు 7.44 శాతమని లోకానికి తెలిసింది ఆగస్టు 14న. రోజువారీ ధరలు చేతిలో ఉన్నందువల్ల కేంద్రం అంతవరకు ఆగలేదు. జులై 12న నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ అనే జాతీయ సహకార సంస్థలను మదనపల్లె, కోలారు వంటి మార్కెట్లలో టమాటా కొనమని ఆదేశించి, 14 నుంచి ఢిల్లీ ప్రాంతంలో కిలో 90 రూపాయలకు, రెండు రోజులకే 80కి, 20వ తేదీ నుంచి 70కి అమ్మించింది. అమ్మకానికి ఊళ్లను ఎంచుకున్న పద్ధతి మరింత గమనించదగినది: దేశ సగటు కంటే ధర ఎక్కువగా ఉండి, గడచిన నెలలో బాగా పెరిగిన కేంద్రాలేవో ఇవే అంకెలు చూసి నిర్ణయించారు. ద్రవ్యోల్బణం అంకె వెలువడిన మర్నాడే రాయితీ టమాటా 50 రూపాయలకు దిగింది. రిజర్వు బ్యాంకు కూడా తన నెలవారీ బులెటిన్‌లో ఆహార ధరల పోకడను అంచనా వేయడానికి ఈ అంకెలనే వాడుకుంటుంది.

వ్యాపారి ఈ నివేదికను చదవవలసింది ఇవాళ్టి ధర కోసం కాదు, ఆ ధర అతని బజారులో ఎలాగూ తెలుస్తుంది. ప్రభుత్వం రేపు ఏమి చేయబోతున్నదో ఊహించడానికి చదవాలి. 2023 జూన్ 2న కందిపప్పు, మినప్పప్పులపై నిల్వ పరిమితి విధించి, టోకు వ్యాపారికి 200 టన్నులు, చిల్లర వ్యాపారికి 5 టన్నులు అని హద్దు గీసినప్పుడు, నెల కిందటి ధరను, ఏడాది కిందటి ధరను పోల్చి చూస్తూ వచ్చిన వ్యాపారికి అది పిడుగుపాటు కాలేదు. ఆ ఆగస్టు 19న ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం పడడమూ అటువంటిదే. ఈ ఒక్క ఉపయోగం కోసమైనా టోకు కొనుగోలుదారులు వారానికొకసారి దీనిని తెరిచి చూడడం మంచిదని నా అభిప్రాయం.

లోపాలూ చిన్నవి కావు. దేశ సగటు పత్రికల శీర్షికలకు బాగుంటుంది గాని, హైదరాబాదులో కొనేవాడికి దానితో పని లేదు. కేంద్రాలవారీ పట్టికలోకి వెళ్లవలసిందే. సరుకు రకాల తేడా కూడా ఇందులో కనిపించదు. గుంటూరు మిర్చి యార్డులో తేజ, 334, బ్యాడిగి రకాలు వేర్వేరు ధరలు పలుకుతుంటే, ఇక్కడ ఎండుమిర్చి అన్నది ఒకే వరుస. అన్నిటికంటే పెద్ద కొరత ఏమిటంటే, ఇది కొనేవారి వైపు నుంచి మాత్రమే చూసే నివేదిక. ధర పెరిగితే రోజుల్లో కదిలే యంత్రాంగం, పత్తికొండలో రైతు టమాటాను రోడ్డు పక్కన పారబోసినప్పుడు అంత చురుగ్గా కదలదు.

రైతు వైపు కథ కావాలంటే వ్యవసాయ మార్కెట్ల ధరలను చూపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌ను కలిపి చూడాలి. మార్కెట్‌వారీగా ఎంత సరుకు వచ్చిందో, కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో అందులో ఉంటుంది. వివరాలు మార్కెట్ కమిటీల నుంచి రావాలి కనుక కొన్నిచోట్ల ఆలస్యం తప్పదు. అయినా ధర కంటే ముందు సరుకు రాకను చూసే అలవాటున్నవారికి అదే మేలు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలను ప్రాతిపదికగా తీసుకొని, ఆంధ్రప్రదేశ్‌లో 2.58 లక్షల టన్నుల వరకు మార్కెట్ జోక్యానికి, అంటే ఆ ధరకూ రైతుకు దక్కిన ధరకూ మధ్య తేడాను చెల్లించే పథకానికి అంగీకరించింది. రైతుకు తేడా సొమ్ము ఇవ్వాలంటే రోజూ ఏ ధర పలికిందో నమ్మకంగా నమోదు కావాలి; ఆ పని జరిగేది యార్డులో, చిల్లర దుకాణాల్లో కాదు.

ఈ రెండింటిలోనూ లేనిది శీతల గిడ్డంగుల్లోని నిల్వల లెక్క. గుంటూరులో మిర్చి కొనేవారికి ఇవాళ్టి ధర ఎంత ముఖ్యమో, కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని బస్తాలు మిగిలాయన్నదీ అంతే ముఖ్యం. ఆ అంకె కోసం ఇంకా కమీషన్ ఏజెంటుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినదానిలో కొంత తీసివేసి లెక్కవేసుకోవలసిందే.