కోల్డ్ కాల్: చెన్నై ఎంబీఏలో రెండేళ్ళ తర్వాత నా మాట

చెన్నైలో ఎంబీఏ ముగించుకుని నెల్లూరు దగ్గర మా ఊరు విడవలూరు వచ్చి నెల దాటింది. మా పిల్లని కూడా అక్కడ చేర్చొచ్చా అని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఫీజు, హాస్టల్, ప్లేస్‌మెంట్ల సంగతి కాలేజీ వాళ్ళే వెబ్‌సైట్‌లో పెడతారు కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది కోల్డ్ కాల్ గురించి. మెప్పుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది, అందుకే కాలేజీ పేరు రాయడం లేదు.

చెయ్యెత్తకుండా కూర్చున్నవాళ్ళని సార్ పేరు పెట్టి లేపి అడగడమే కోల్డ్ కాల్. మా బ్యాచ్‌లో దాదాపు అందరికీ అదంటే టెన్షన్. నాకు మాత్రం ఆ రెండేళ్ళలో అన్నిటికన్నా మేలు చేసింది అదే.

అక్కడ పాఠం చెప్పడం తక్కువ. ఒక కంపెనీ సమస్యని ముందు రాత్రి చదువుకొచ్చి క్లాసులో వాదించాలి. ఈ కేస్ పద్ధతి హార్వర్డ్‌ది. 1961లో మొదలైన అహ్మదాబాద్ ఐఐఎం కూడా హార్వర్డ్ సాయంతో ఇదే బాట పట్టింది. మాట్లాడినందుకు వేసే మార్కుల్ని సీపీ (క్లాస్ పార్టిసిపేషన్) అంటారు, మాకు చాలా సబ్జెక్టుల్లో వందకి ఇరవై. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత నెల్లూరులో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ క్లాసులో నోరు తెరవాల్సిన పనే పడలేదు. ఎంబీఏలో కేసు మొదలైన నిమిషానికే పది చేతులు లేచేవి. నేను తెలుగులో అనుకుని, ఇంగ్లీషులో కూర్చుకునేలోపు ఆ మాట ఇంకెవరో అనేసేవాళ్ళు. గ్రేడ్లు కూడా మిగతావాళ్ళతో పోల్చి ఇచ్చేవే. మొదటి ఆరు వారాలు ప్రతి శనివారం మధ్యాహ్నం పినాకిని రైలెక్కి ఇంటికి వచ్చేసేదాన్ని. ఆదివారం తిరిగి వెళ్తుంటే అమ్మ డబ్బాలో పెట్టిచ్చిన చేపల పులుసు కూడా తినబుద్ధయ్యేది కాదు.

ఏడో వారం కాస్ట్ అకౌంటింగ్ క్లాసు. నష్టాల్లో ఉన్న మిల్లుని మూసేయాలా, నడపాలా అన్నది కేసు. సార్ నా పేరు పిలిచి, ఏం చేస్తావని అడిగారు. ఫార్ములా ఒక్కటీ గుర్తుకు రాలేదు. మా రొయ్యల గుంట గుర్తొచ్చింది.

1994-95లో తెల్లమచ్చ రోగంతో మా వైపు టైగర్ రొయ్య గుంటలు దెబ్బతినడం నాయన కళ్ళారా చూసినవాడు. ఇప్పుడు వేసేది వనామీ అయినా, పక్క గుంటకి రోగం తగిలిందంటే ఆ రాత్రి నిద్రపోడు, లెక్క వేస్తాడు. అదే చెప్పాను. రొయ్య ఇంకా వంద కౌంట్‌లో ఉంది, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజు. ఇంకో నెల ఉంచితే సైజు పెరిగి మంచి రేటు వస్తుంది. కానీ ఆ నెల మేత పెట్టాలి, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లకి కరెంటు కట్టాలి, రోగం అంటుకుంటే మొత్తం పోతుంది. ఇప్పటిదాకా రొయ్య పిల్లకీ మేతకీ పెట్టింది, ఈ రోజు పట్టేసినా నెల ఆగినా ఖర్చయిపోయిందే. ఇక ముందు పెట్టేదెంత, ఇక ముందు వచ్చేదెంత, అంతే చూడాలి. మిల్లుకీ అంతే అన్నాను. ఇంగ్లీషు తడబడింది, రెండు మూడు చోట్ల ఆగిపోయాను. సార్ తొందరపెట్టలేదు. పూర్తయ్యాక బోర్డు మీద 'సంక్ కాస్ట్' (ఇక తిరిగి రాని ఖర్చు) అని రాసి, ఆ పేరు వాడకుండానే విషయం చెప్పిందన్నారు.

సాయంత్రం నాయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. సంతోషంగా విన్నాడు. విని, "మరి మేత కొట్టు బాకీ సంగతేంది పాపా?" అన్నాడు.

మా దగ్గర చాలామంది మేత అప్పు మీద తెస్తారు, రొయ్య పట్టి అమ్మాక తీరుస్తారు. గుంటలో వేసిన మేత తిరిగి రాదు, నిజమే. బాకీ మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. అప్పిచ్చినాయన వచ్చి అరుగు మీద కూర్చుంటే ఎప్పుడు పట్టాలన్నది రైతు చేతిలో ఉండదు. నేను చెప్పిన లెక్క పుస్తకానికి సరిపోయింది, మా ఇంటికి సగమే సరిపోయింది.

ఈ సంగతి చెప్పాలని తర్వాతి క్లాసులో మొదటిసారి నా అంతట నేను చెయ్యెత్తాను. మూడుసార్లు ఎత్తాను. ఎప్పుడూ మాట్లాడే ఏడెనిమిది మందినే పిలిచారు. సీపీ మీద నా కోపం ఇదే. చెయ్యెత్తడం అలవాటైనవాళ్ళకే మార్కులు పోతాయి, కొత్తగా ఎత్తిన చెయ్యి ఎవరికీ కనపడదు. ఆ రాత్రి స్టడీ గ్రూప్‌లో చెప్పుకున్నాను. అందులో ఒకమ్మాయిది కోయంబత్తూరు వైపు, ఇంట్లో మరమగ్గాలున్నాయి. నూలు ఇచ్చిన వ్యాపారికే బట్ట ఇవ్వాలి, మా నాన్నదీ ఇదే కథ అంది. రాత్రి రెండింటిదాకా మాట్లాడుకున్నాం. ఆ శనివారం నేను రైలెక్కలేదు.

మొదటి ఏడాది సెలవులకి వచ్చినప్పుడు కోల్డ్ కాల్‌ని అందరి దగ్గరా తెగ పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. రెండో ఏడాది ఫైనాన్స్‌లో ఇంకో సార్ నన్ను లేపి, ఐదు సెకన్లు కూడా ఆగకుండా పక్కతన్ని అడిగారు. ఆ క్లాసంటే చాలా రోజులు కడుపులో తిప్పేది. మా సెక్షన్‌లో ఒకబ్బాయికి ఇలా రెండుసార్లు జరిగాక, బాగా చదువుకొచ్చిన రోజు కూడా నోరు పెగిలేది కాదు. లేపడం ఒక్కటే చాలదు, లేపినాయన ఆగి వినాలి.

నాకు కలిసొచ్చినవి వేరే ఉన్నాయి. బెంగ పుడితే నాలుగు గంటల్లో ఇంట్లో ఉండేదాన్ని. ఆ రెండేళ్ళూ మా గుంటలకి పెద్ద రోగం రాలేదు, ఎడ్యుకేషన్ లోన్ గురించి రాత్రుళ్ళు ఆలోచించాల్సి రాలేదు. ఇవి రెండూ లేని పిల్లకి అదే కాలేజీ ఎలా ఉంటుందో నా అనుభవంతో చెప్పలేను. చేర్చాలనుకుంటే ముందు అక్కడి సీనియర్లతో మాట్లాడండి. సీపీ ఎలా వేస్తారో, లేపాక సార్లు ఎంతసేపు ఆగుతారో అడగండి. బాగా మాట్లాడే సీనియర్ని కాదు, వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళని అడగండి.